అచ్చుల బరువు

కాలితో తొక్కే అచ్చు మిషన్ని, అదే ట్రెడిల్ మిషన్ని, పాలకొల్లు నుంచి అమలాపురం ఎలా తెచ్చారని కనపడ్డవాళ్ళంతా అడుగుతున్నారు. టైపుని ఎలా తెచ్చారని ఒక్కళ్ళూ అడగలేదు. మిషను పెద్దది, నల్లగా ఉంటుంది, పక్కన చక్రం ఒకటి, కాబట్టి కష్టమంతా దాంతోనే పడి ఉంటామని అందరి లెక్క. అది లారీ ఎక్కడానికి ఒక పూట పట్టింది, దిగడానికి అంతకన్నా తక్కువే. నాకు నిద్ర లేకుండా చేసింది టైపు, అంటే సీసపు అక్షరాలు.

తెలియనివాళ్ళకి చెప్పాలంటే, నేను బ్యాంకు ఉద్యోగిని. సాయంత్రాలూ, సెలవు రోజులూ చేత్తో అక్షరాలు పేర్చి, కాలితో తొక్కే మిషను మీద కార్డులు అచ్చేసుకుంటాను. గృహప్రవేశాల పిలుపులు, పిల్లల పుస్తకాల మీద అంటించే పేరు చీటీలు, ఎవరైనా అడిగితే ఓణీల ఫంక్షను కార్డులు. కాగితం ఖర్చు వస్తే గొప్ప. పాలకొల్లులో ఒకప్పుడు శుభలేఖలు వేసిన ప్రెస్సు సామానంతా అమ్మేస్తున్నారని తెలిసి వెళ్ళి, మొత్తం కొనేశాను. 1990ల్లో కంప్యూటర్లో అక్షరాలు కూర్చే డీటీపీ, ఆఫ్‌సెట్ అచ్చు వచ్చాక ఆ ప్రెస్సు పని తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. దాని ఓనరు గారే కొన్నాళ్ళు మా ఇంటికి వచ్చి అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకోవడం దగ్గర నుంచి, పేర్చినవాటిని చట్రంలో ఫారంగా బిగించడం దాకా నేర్పారు.

నేను కొన్న రోజుల్లోనే పాత సామాన్ల కొట్టాయన నా కన్నా ముందు వచ్చి బేరమాడి వెళ్ళాడు. ఆయనకి కావలసింది అక్షరాలు కాదు, సీసం. కరిగించి, చేపల వలలకి బరువు కోసం కట్టే గుళ్ళు చేయడానికి ఇస్తానన్నాడట. ఓనరు గారు నవ్వి, “ఇది వలకి పనికిరాదు, నొక్కితే వంగదు, విరుగుతుంది” అని పంపించేశారు. నిజమే. టైపు లోహంలో సీసంతో పాటు యాంటిమొనీ, తగరం ఉంటాయి. యాంటిమొనీ వల్లే అక్షరం గట్టిగా, అంచు పదునుగా నిలబడుతుంది. వల తాడు చుట్టూ మడిచి నొక్కాలంటే మెత్తటి సీసమే కావాలి. మా వైపు మూతపడ్డ ప్రెస్సుల టైపు చాలావరకు పాత సామాను కిందే పోయింది. నా దగ్గరున్నది అలా పోకుండా మిగిలింది.

ఇక బరువు సంగతి. ఇంగ్లీషు టైపుకి పై కేసు, కింది కేసు అని గడుల సొరుగులు ఒక జత ఉంటే ఒక సైజు సర్దుకుంటుంది. తెలుగుకి అలా కుదరదు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, అంకెలు, కామాలు, మాటల మధ్య పెట్టే స్పేసులు, అన్నీ కలిపి వందల గడులు కావాలి. అది ఒక్క సైజుకే. 12 పాయింటు ఒక సెట్టు, 18 ఒక సెట్టు, వధూవరుల పేర్లకి 24 ఒక సెట్టు, పైన “శ్రీరస్తు శుభమస్తు” వేయడానికి ఇంకా పెద్దవి. ఫోన్లో “లక్ష్మి” అని కొట్టడానికి క్షణం పట్టదు. కేసు ముందు నిలబడితే ఆ పేరుకే చెయ్యి అటూ ఇటూ తిరిగి రావాలి. భాష మీద ప్రేమ ఉండడం వేరు, దాన్ని భుజం మీద మోయడం వేరు అని మా ఆయన అంటాడు. మోసింది ఆయన కూడా కాదనుకోండి.

మా ఆయనది రొయ్యల మేత వ్యాపారం. కొట్లో బస్తాలు తూచే కాటా మీద ఒక నిండు కేసు పెట్టి చూస్తే 11 కిలోల 400 గ్రాములుంది. కేసులు మొత్తం 64, మూడు ర్యాకుల్లో. సగం నిండినవీ, ఖాళీవీ తగ్గించి లెక్కేసినా 650 కిలోలు దాటింది. మిషను, ఫ్లైవీలు అనే దాని పక్క చక్రం, సిరా పరిచే డిస్కు అన్నీ కలిపినా దీనికన్నా పెద్ద ఎక్కువేం ఉండదు. తేడా ఏంటంటే, మిషను ఒక్కటే వస్తువు. టైపు వేల ముక్కలు, ప్రతి ముక్కకీ దాని గడి ఉంది.

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది మే నెలలో. ఆషాఢం రాకముందే ఇల్లు మారాలని మా అత్తగారు, జాయిన్ కావలసిన తేదీ గురించి బ్యాంకు, ఇద్దరూ రెండు వైపుల నుంచి తొందర పెట్టారు. అమలాపురంలో మొదట చూసింది పై పోర్షను. గాలి, వెలుతురు, కిటికీలోంచి కాలవ, అద్దె కూడా తక్కువే. మా అన్నయ్య కొడుకు సివిల్ ఇంజనీరు. వాడికి ఫోన్ చేశాను.

“అత్తా, ఇళ్ళ శ్లాబుకి ఐఎస్ 875 అనే కట్టడాల ప్రమాణం ప్రకారం చదరపు మీటరుకి 200 కిలోల చొప్పున లెక్క కడతాం. మీ ర్యాకు ఒక్కోటి ఎంత?”

ర్యాకు కింద పట్టే చోటు అర చదరపు మీటరు కూడా లేదు. అందులో ఇరవై పైచిలుకు కేసులు, చెక్కతో కలిపి 260 కిలోల దాకా. చదరపు మీటరు లెక్కన 500 దాటేసింది.

“ఒక్కటి గోడ వారగా పెట్టుకుంటే ఇల్లేం కూలదు. మూడూ ఒకే గదిలో పెట్టి, మధ్యలో ఆ మిషను పెట్టి, మీరు రోజూ దాన్ని తొక్కుతుంటే మాత్రం నన్ను అడగకండి.”

కాలవ కనిపించే ఇల్లు అలా పోయింది. ఆ కిటికీ నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

కింది ఇల్లయితే సరిపోతుందా అంటే అదీ కాదు. కోనసీమలో కొత్త ఇల్లంటే ముందు మెరక. పల్లపు చేనో, కొబ్బరితోటో కొని, రోడ్డు ఎత్తుకి మట్టి తోలించి, దాని మీద కడతారు. ఆ మట్టి వానలకి నానుతూ, ఎండలకి ఎండుతూ దిగాల్సినంత దిగేదాకా పైన టైల్స్ ఎంత మెరిసినా నేలని నమ్మలేం. కొత్తగా కట్టినవన్నీ వదిలేసి పాతవి వెతికాను. చివరికి దొరికింది పదిహేనేళ్ళ కిందట కట్టిన ఇల్లు. రోడ్డు వైపు ఒకప్పటి కారు షెడ్డుని మూసి గది చేశారు. వరండా మెట్టు పక్కన పొడుగాటి పగులు ఉంది. అది కనపడకుండా ఇంటాయన క్రోటన్ కుండీ పెట్టారు. నాకు ఆ పగులు చూశాకే ధైర్యం వచ్చింది. పాతదే, అంచులు నల్లబడి ఉన్నాయి, సందులో గడ్డి మొలిచింది. నేల దిగాల్సిందంతా దిగిపోయిందన్నమాట.

ఇంటాయన రిటైరైన హెడ్మాస్టరు గారు. ఫోన్లో మిషను ఫోటో చూపిస్తే కళ్ళజోడు సర్దుకుని చూసి, “చెరుకు రసం మిషనా అమ్మా?” అన్నారు. అచ్చు మిషనని చెప్పాను. “వ్యాపారమైతే కరెంటు కమర్షియల్ మీటరు పెట్టించుకోవాలి” అన్నారు వెంటనే. దీనికి కరెంటే అక్కర్లేదండీ, కాలే మోటారు అంటే నమ్మలేదు. నమ్మించడానికి వీడియో చూపించాల్సి వచ్చింది.

సామాను సర్దడం దగ్గర మా ఆయన వ్యాపారం అక్కరకొచ్చింది. బరువైనవి చిన్న పెట్టెల్లోనే సర్దాలన్నది తెలిసిందే. మందు సీసాల అట్టపెట్టెలు చిన్నవీ, గట్టివీ, కానీ సీసం కింద అడుగు ఊడిపోతుంది. పైగా మా వీధిలో ఒకేసారి అన్ని మందు పెట్టెలు దిగితే అత్తగారు ఊరుకోరు. మా ఆయన చెరువుల వాళ్ళనడిగి రొయ్యలు పట్టే ప్లాస్టిక్ ట్రేలు తెచ్చాడు. అడుగు గట్టిది, పక్కన చేతులు పట్టుకునే సందులుంటాయి, ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఎన్నిసార్లు బ్లీచింగు వేసి కడిగినా వాసన మాత్రం పోలేదు. ఇప్పటికీ నా 18 పాయింటు “అ” దగ్గర ముక్కు పెడితే రొయ్యల చెరువే.

టైపుని ఏ కేసులో ఉన్నది ఆ కేసులోనే తెచ్చాను. గడుల్లోంచి తీసి పొట్లాలు కట్టొచ్చు, కానీ మళ్ళీ సర్దడానికి ఒక జన్మ చాలదు. ప్రతి గడిలో మిగిలిన ఖాళీని నలిపిన న్యూస్ పేపరుతో నింపాను. కేసు పైన కేసు కొలతకి కోసిన అట్ట, దాని మీద పలచటి థర్మోకోల్ షీటు, చుట్టూ ప్లాస్టిక్ ఫిల్ము లాగి లాగి చుట్టాను. గడుల అంచుల మీద అట్ట నొక్కుకుని కూర్చుంటే ఒక గడిలోది ఇంకో గడిలోకి దూకదు. కేసులన్నీ ర్యాకులోంచి తీసి, ట్రేల్లో బల్లపరుపుగా పేర్చి. ర్యాకులో ఉంచే తేవచ్చుగా అన్నవాళ్ళున్నారు. లారీ ఒక్క బ్రేకు కొడితే సొరుగులన్నీ ఒకేసారి బయటికి వస్తాయి.

ఈ పని చేసేటప్పుడు ఒక జాగ్రత్త. మన తేమకి సీసం మీద అక్కడక్కడా తెల్లటి పొడి పడుతుంది. దాన్ని ఊదకూడదు, పొడి గుడ్డతో దులపకూడదు. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో అద్దాలి, ఆ గుడ్డ పారేయాలి. సబ్బుతో చేతులు కడగందే కాఫీ గ్లాసు కూడా ముట్టుకోను. చిన్నపిల్లల్ని ఆ గదిలోకి రానివ్వను. ఈ విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు.

లారీ రోజు నాలుగో శనివారం. బ్యాంకుకి సెలవు, మర్నాడు ఎలాగూ ఆదివారం, అంతకన్నా మంచి రోజు నాకు దొరకదు. కానీ అత్తగారు, “శనివారం ఇనుము ఇంటికి తెస్తావా అమ్మాయ్?” అన్నారు. ఇనుము, నూనె శనివారం ఇంటికి తెచ్చుకోరు కదా. నూనె సంగతి అడక్కండి, మిషను నిండా గ్రీజే. పురోహితుడి గారికి ఫోన్ చేసి నేనే అడిగాను. ఆయన కాసేపాగి, “కొనకూడదమ్మా. మీ వస్తువు మీరు మోసుకెళ్ళడానికేం, పాలు మాత్రం ముందు రోజే పొంగించేయండి” అన్నారు. అత్తగారు స్పీకర్లో విన్నారు కాబట్టి ఇంకేం అనలేదు. శుక్రవారం వెళ్ళి పాలు పొంగించి వచ్చాం.

మిషను సంగతి ఇప్పుడు చెప్తాను, ఎటూ అడుగుతున్నారు కాబట్టి. ఫ్లైవీలు, డిస్కు, సిరా పూసే రోలర్లు, కాగితాలు పెట్టుకునే ఫీడు బల్లలు విప్పేశాం. కాగితాన్ని అక్షరాలకి నొక్కే పలకని, అదే ప్లాటెన్‌ని, ఊగకుండా తాడుతో బిగించాం. పోత ఇనుము ఎంత బరువైనా మోస్తుంది గానీ దెబ్బ తగిలితే పగులుతుంది, అతకడం మహా కష్టం. అందుకని షాఫ్టుకీ, చేతులకీ తాడు వేయొద్దు, ఫారం కూర్చునే బెడ్డు కిందే వేయాలని మోత కూలీల ముఠా మేస్త్రికి చూపించాను. కాళ్ళ కింద రెండు తాటి దూలాలు పెట్టి బోల్టులు బిగించాం. దూలాల కింద నీళ్ళ పైపు ముక్కలు, వెనక ఇద్దరు గునపాలతో. వెనక వదిలేసిన పైపు తీసి మళ్ళీ ముందు పెట్టుకుంటూ వాకిలి దాకా వచ్చింది. అక్కడ గడప. పసుపు రాసిన గడప మీద అడుగే వేయనివ్వరు, ఇంక మిషను బరువా? అటూ ఇటూ ఇటుకలు పేర్చి, వాటి మీద పలకలు వేసి, గడపకి తగలకుండా దాని మీదుగా దాటించారు. అత్తగారు పక్కనే నిలబడి చూశారు. చెక్క గడప మీద అంత బరువు పడితే నిజంగానే విరిగిపోయేది, ఆమె కారణం ఏదైనా.

జేసీబీ పిలవమని వీధిలో ప్రతి ఒక్కరూ సలహా ఇచ్చారు. మా జిల్లాల్లో చెరువు తవ్వాలన్నా, చెట్టు పడిపోయినా, పెళ్ళికి పందిరి గుంజ పాతాలన్నా జేసీబీయే. మా సందులోకి అది దూరదు. బోరు పైపులు పైకి లాగేవాళ్ళ దగ్గర మూడు కాళ్ళ స్టాండూ, చైన్ పుల్లీ అద్దెకి తెచ్చాం. వాకిట్లో మిషను మీద స్టాండు నిలబెట్టి, గొలుసు లాగి, నాలుగడుగులు లేపి, 407 లారీని వెనక్కి తీసుకొచ్చి కిందకి దింపారు. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. ఆ స్టాండు లారీలోనే వచ్చి అమలాపురంలో అదే పని తిరగేసి చేసింది. ఇంతే మిషను కథ.

గొడవంతా అక్షరాల దగ్గరే. ముఠా వాళ్ళు రైసు మిల్లుల్లో పని చేసేవాళ్ళు. 75 కిలోల ధాన్యం బస్తాని వీపు మీద వేసుకుని పలక మీద ఎక్కేస్తారు. వాళ్ళకి రెండేసి కేసులు పెట్టిన ట్రేని చూపించి బరువని చెప్తే నవ్వారు. ఒక కుర్రాడు నిర్లక్ష్యంగా వంగి ఎత్తబోయి, ట్రే అనుకున్నంత తేలిగ్గా లేవకపోయేసరికి నడుం పట్టుకుని కూర్చున్నాడు. తప్పు వాడిది కాదు, కంటిది. లీటరు కొలతకి ధాన్యం పోస్తే అరకిలో పైచిలుకు తూగుతుంది. అంతే కొలత పోత ఇనుము ఏడు కిలోలు, టైపు లోహం పది కిలోల దాకా. చూసిన సైజుని బట్టి ఒంట్లో బలం కూడగట్టుకుంటాం కదా, ఇక్కడ ఆ లెక్క తప్పుతుంది.

మేస్త్రి పెద్దాయన నా దగ్గరికి వచ్చి, “ఏవండీ అమ్మగారూ, ఏంటండీ ఇందులో, రాళ్ళా?” అన్నాడు.

“అక్షరాలండీ బాబాయ్ గారూ.”

“అక్షరాలాండీ!” అని ఒక “క” చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. “తిరగబడున్నాయేంటండీ?”

అచ్చులో తిన్నగా పడడానికి అలాగే ఉండాలని చెప్పాను. “ఆయ్, మీరు చదూకున్నోళ్ళు” అని తిరిగి ఇచ్చేశాడు. ఆ తర్వాత ఒక్కో ట్రేకి ఇద్దరేసి మనుషుల్ని పెట్టాడు, కూలి కూడా దానికి తగ్గట్టే పెంచాడు. న్యాయమే.

దారి గురించి మా మావగారికి ఒక ఆశ ఉండేది. నరసాపురం రేవులో లారీని పంటు అనే పెద్ద పడవ మీద ఎక్కిస్తే సఖినేటిపల్లిలో దిగొచ్చని, ఆయన చిన్నప్పటి నుంచి గోదావరి అలాగే దాటాడని. డ్రైవరు చెయ్యి అడ్డంగా ఊపాడు. పోటు మీదున్నప్పుడు పర్వాలేదట, నీరు తీసే పాటు వేళ రేవు దగ్గర ఏటవాలు ఎక్కువై, లారీ ముక్కు పైకి లేస్తే వెనక సామానంతా తలుపు మీదకొస్తుందట. చించినాడ వంతెన మీద గోదావరి వశిష్ఠ పాయ దాటి, రాజోలు, తాటిపాక, మామిడికుదురు మీదుగా వెళ్ళి, బోడసకుర్రు వంతెన మీద వైనతేయ పాయ దాటాం. బయల్దేరే ముందు రైసు మిల్లు వేబ్రిడ్జి మీద తూపించాం. ఖాళీ లారీ బరువు తీసేస్తే 1,860 కిలోలు. మంచాలు, బీరువా, గిన్నెలు వేరే బండిలో వెళ్ళాయి. ఇదంతా ఒక్క నా సరదా బరువే.

నేను లారీ వెనకాలే కార్లో, ఏసీ వేసుకుని, ఒళ్ళో రోలర్లు పెట్టుకుని. రోహిణీ కార్తె మరి, రోళ్ళు పగిలే ఎండ. నా దగ్గరున్నవి జిగురూ, తియ్యటి పాకం లాంటిదీ కలిపి పోత పోసే పాత రకం రోలర్లు. లారీలో వేస్తే అమలాపురం చేరేసరికి కరిగి వంకర్లు పోతాయి. అత్తగారు వెనక సీట్లో కూర్చుని, “నా మోకాళ్ళకి తగలని గాలి ఆ గొట్టాలకి తగులుతోంది” అన్నారు. ఏసీ గాలి రేకు నిజంగానే నా ఒళ్ళో వైపు తిప్పి ఉంది.

దింపేటప్పుడు ఒక్క ట్రే మాత్రం పోయింది. ఇద్దరూ చెరో పక్కన పట్టుకుని నడుస్తుంటే ముందున్నవాడు అలవాటు కొద్దీ బస్తాలా భుజం మీదకి తిప్పుకోబోయాడు. ఫిల్ము తెగి, 12 పాయింటు ఒత్తుల కేసు షెడ్డు ముందు ఇసకలో బోర్లా పడింది. ఏ కేసైనా పర్వాలేదనుకునేదాన్ని, ఒత్తులు మాత్రం కాదు. బియ్యపు గింజంత ముక్కలు, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. ప ఒత్తు, ష ఒత్తు, స ఒత్తు పక్కపక్కన పెట్టి చూస్తే పగలే కళ్ళు తిరుగుతాయి. పిండి జల్లెడతో ఇసక జల్లించి, నీళ్ళలో కడిగి, పళ్ళెంలో ఆరబెట్టాను. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక భూతద్దం పెట్టుకుని ఏరుతున్నాను. మా ఆయన కూడా కూర్చుంటాడు గానీ ఆయన ఏరినవి నేను మళ్ళీ ఏరాలి. ఈలోగా ఎవరైనా కార్డు అడిగితే ఒత్తులు తక్కువున్న మాటలతో రాయించుకు రమ్మంటున్నాను. “సత్యనారాయణ వ్రతం” అంటే మొదటి మాటకే ఆగిపోతాం.

షెడ్డులో పాత టైల్స్ మీద మిషను కాళ్ళ కింద ఆ తాటి దూలాలే ఉంచేశాను, బరువు నాలుగు చుక్కల మీద పడకుండా పొడుగునా పరుచుకోవడానికి. ర్యాకులు మాత్రం నేల నుంచి అడుగున్నర ఎత్తు ఇనుప స్టాండ్ల మీద పెట్టాం. వానాకాలం ఈ వీధిలో మురుగు కాలవ నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో పక్కింటి గోడ మీద చార చూపించింది. హెడ్మాస్టరు గారు టైల్స్ పగిలితే మార్చి ఇవ్వాలని అగ్రిమెంటులో ఒక వాక్యం చేర్పించారు. ఆ తర్వాత రెండు రోజులకి కిందకి దిగొచ్చి, మనవరాలి ఓణీల ఫంక్షనుకి కార్డులు ఎన్ని వేయగలవని అడిగారు. ఒత్తుల సంగతి చెప్పాను. “భాషే కదా, సర్దుకుందాం” అని కూర్చుని పిలుపు ఆయనే తిరగ రాశారు. తెలుగు మేష్టారట, ఆ రోజే తెలిసింది.

కాగితాలు కోసే కటింగు మిషను ఇంకా పాలకొల్లులోనే ఉండిపోయింది. 407లో చోటు చాల్లేదు. ఆషాఢంలో అద్దెకి ఎవరూ దిగరు కాబట్టి ఆ ఇంటివాళ్ళు ఏమీ అనడం లేదు, శ్రావణం వచ్చేలోపు తీసేయాలి. ముఠా మేస్త్రికి ఫోన్ చేస్తే వస్తానన్నాడు. కాకపోతే ఈసారి అది ఎంత బరువో ముందే కాటా వేయించి చెప్పాలట, చూసి బేరం కుదుర్చుకోడట.